ఒకే జబ్బు, రెండు బిల్లులు

మా బావగారికి గుండెనొప్పి వచ్చిందని ఫోన్ రాగానే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అబద్ధం ఎందుకు, నిజంగానే తిరిగాయి. కానీ ఆ నీళ్ళు ఆరకముందే మనసులో ఇంకో మాట కూడా తిరిగింది. ఇప్పుడు తెలిసొస్తుంది అక్కకి, అనుకున్నాను.

అక్క అంటే నా తోబుట్టువు కాదు, తోడికోడలు. మా ఆయనా బావగారూ కలిసి సోఫాల షాపు నడిపేవారు. కొత్తవి చేయడం, పాతవాటికి స్పాంజి మార్చి కొత్త గుడ్డ తొడగడం. మామగారు పెట్టిన షాపు అది. ఆయన ఒకరోజు సోఫా చట్రం మీద వంగి మేకు కొడుతూ కొడుతూ అలాగే ఒరిగిపోయారట. షాపుతో పాటు ఆ గుండెజబ్బు కూడా కొడుకులిద్దరికీ సమానంగా పంచి వెళ్ళారు. ఎవరి వంతు ఎప్పుడొచ్చిందన్న దగ్గరే వచ్చింది తేడా అంతా.

మా వంతు ముందొచ్చింది. నిరుడు మా ఆయనకి ఆపరేషన్ అయింది. బీమా లేదా అంటే ఉంది. పెళ్ళైన కొత్తలో తీసుకున్నది, ఒక్క ఏడు కూడా తప్పకుండా ప్రీమియం కట్టాం. తీరా అవసరం పడ్డాక కంపెనీవాళ్ళు పాత కాగితాలన్నీ తిరగేశారు. ఈయనకి ఎప్పటినుంచో బీపీ ఉంది, పాలసీ తీసుకునేటప్పుడు చెప్పలేదు, కాబట్టి ఇది పాత జబ్బు, పైసా రాదు అన్నారు. ఒంట్లో ఏ రోగమూ లేని మనిషి ఉన్నట్టుండి గుండెనొప్పి తెచ్చుకోవాలట, అప్పుడిస్తారట. షాపులో మా సగం వాటా బావగారికి రాసిచ్చి ఆసుపత్రి బిల్లు కట్టాం. ఆయన బేరమాడలేదు. ఆ డబ్బు కోసం అక్క గాజులు కూడా బ్యాంకులో పెట్టారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా కడుపులో మంట ఆగుతుందా?

మా ఆయన ఛాతీ మీద కుట్ల మచ్చ ఎరుపు తగ్గకముందే చట్టం మారింది. పాత జబ్బు వంక పెట్టి ఎవరికీ బీమా కాదనకూడదట. చిన్న షాపులవాళ్ళు పనివాళ్ళతో సహా చేరితే ప్రీమియంలో సగం ప్రభుత్వమే కడుతుందట. ఆ వార్త చదివే అమ్మాయి నవ్వుతూ చదివింది. నాకు టీవీ మీదికి రిమోట్ విసిరేయాలనిపించింది. ఊరందరికీ మేలు జరుగుతుంటే ఏడ్చిన దాన్ని నేనొక్కదాన్నేనేమో. వచ్చే మేలు కాస్త ముందొస్తే ఏం పోయింది? చేతులు కాలాక ఆకులు ఇస్తే ఎవరికి కావాలి?

బావగారు వెంటనే చేరారు. తనూ, అక్కా, షాపులో చెక్కపని చేసే ఇద్దరూ. మా ఆయన అప్పటికింకా మంచం దిగలేదు, షాపు జీతాల పట్టీలో లేడు. అందుకని చేరలేదు. చేరిన కొన్నాళ్ళకే బావగారికి నొప్పి.

అదే ఆసుపత్రి. అదే డాక్టరు. మా ఆయన రక్తనాళం ఎక్కడ పూడుకుందో ఈయనదీ అక్కడేనట. నేను పళ్ళు పట్టుకుని చూడ్డానికి వెళ్ళాను. మా ఆయన పడుకున్న హాల్లో మంచం లేపాలంటే కింద ఉన్న ఇనప పిడి పట్టుకుని తిప్పాలి. అది సగంలో బిగుసుకునేది. ఆయాని పిలిస్తే, "మీరే తిప్పుకోండమ్మా" అనేది. ఇక్కడ బావగారి పక్కన బటన్ ఉంది. నొక్కితే తల లేస్తుంది, ఇంకోటి నొక్కితే కాళ్ళు లేస్తాయి. కిటికీ ఉంది. కిటికీకి కర్టెన్ ఉంది. దాని అంచు వంకరగా కుట్టారు. అది చూసి కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

"దిండు మరీ మెత్తగా ఉంది చెల్లీ, ఈయనకి మెడ పట్టేస్తోంది," అంది అక్క.

మా ఆయనకి దిండే ఇవ్వలేదు. నా చీర మడతపెట్టి తల కింద పెట్టాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"అయితే మార్చమను అక్కా. డబ్బు కట్టట్లేదూ?" అన్నాను.

"మనం కట్టేదేముందే. భోజనం, టీవీ, అంతే."

ఆవిడ మామూలుగానే అంది. గొప్ప కోసం అనలేదు. గొప్ప కోసం అని ఉంటే తిట్టుకుని తేలికపడేదాన్ని. ఆవిడకి అది గొప్పగా కూడా తోచలేదు, అదే నన్ను కాల్చేసింది. మేం షాపు వాటా అమ్మి కట్టిన చోట వీళ్ళు టీవీ డబ్బులు కట్టి బయటికొస్తున్నారు. దారి పొడుగునా అదే లెక్క. ఇద్దరన్నదమ్ములకీ ఒకే గుండె, ఒకే డాక్టరు. ఒకరికి ప్రాణమూ మిగిలింది, షాపూ మిగిలింది. ఇంకొకరికి ప్రాణమొక్కటే మిగిలింది.

ఇంటికొచ్చి మా ఆయన మీద పడ్డాను. "మీకేం అనిపించట్లేదా?"

ఆయన మా ఇంట్లో కుర్చీ ఒకటి తిరగేసి గుడ్డ బిగిస్తున్నాడు. నా ముఖం చూసి గుప్పెడు చిన్న మేకులు తీసి నోట్లో పోసుకున్నాడు. సోఫాల పనివాళ్ళందరికీ ఆ అలవాటు ఉంటుంది. మేకులు నోట్లో పెట్టుకుని ఒక్కోటి పెదాల మీదికి తెచ్చి, సుత్తికి అందించి కొడతారు. మా ఆయనకి మాత్రం దానివల్ల ఇంకో సౌకర్యం కూడా ఉంది. నోరు నిండా మేకులున్న మనిషితో ఎవరు పోట్లాడతారు? పెళ్ళైన దగ్గర్నుంచి ఆయన తప్పించుకున్న గొడవలన్నీ ఆ మేకుల పుణ్యమే. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోవాలి నేను. ఊరుకోలేకపోయాను. కంద ఆయనే, కత్తిపీట నేనే అయినా సరే.

బావగారు ఇంటికొచ్చాక అక్క మా ఇంటికి వచ్చింది. చల్లటి నీళ్ళు తాగి, చీర చెంగుతో మూతి తుడుచుకుని అసలు విషయం చెప్పింది.

"మరిది ఇప్పుడు షాపుకి వస్తున్నాడుగా. ఈ నెలలో బీమాలో కొత్తవాళ్ళని చేర్చుకుంటున్నారట. నెలాఖరు దాటితే మళ్ళీ ఏడాదికే. మీ బావగారు చెప్పమన్నారు, మరిది పేరు పట్టీలో రాయిస్తే మీ ఇద్దరికీ కార్డు వస్తుంది. మందులు కూడా దానిమీదే ఇస్తారు."

"పట్టీలో ఏమని రాస్తారు?"

"ఏమని రాస్తారు? పనివాడనే."

పుండు మీద కారం చల్లడం అంటే అదే. నాలుక్కుర్చీల షాపుగా ఉన్నప్పటి నుంచి దాన్ని అన్నతో సమానంగా పెంచినవాడు. ఇప్పుడు చెక్కపని వాళ్ళ పేర్ల కింద, మూడో వరసలో, పనివాడు.

"వద్దక్కా," అన్నాను. "మా ఆయన మీ దగ్గర జీతం తీసుకుంటున్నాడు, అది మా ఖర్మ. దాన్ని ప్రభుత్వం దాకా తీసుకెళ్ళి ముద్ర వేయించుకోనక్కర్లేదు."

"అదేంటే, నీ మంచికే కదా..."

"మా మంచి మేం చూసుకుంటాం."

ఆవిడ గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయింది. మా ఆయన లోపలి గదిలోంచి అంతా విన్నాడు. బయటికొచ్చినప్పుడు చూస్తే నోట్లో మేకులున్నాయి. చేతిలో కుర్చీ కూడా లేదు, ఉత్త మేకులే.

తర్వాతి వారం ఒక పెద్ద సోఫా పని తగిలింది. దాని కవర్లు ఇంట్లో కుట్టి, కొలత సరిచూడ్డానికి షాపుకి తీసుకెళ్ళాను. మా షాపులో కవర్లు కుట్టేది మొదటినుంచీ నేనే. మెషిన్ మా ఇంట్లోనే ఉంటుంది, గుడ్డ మూటలు వస్తూ పోతూ ఉంటాయి. మూల దగ్గర కుట్టు కాస్త బిగిసింది. విప్పడానికి బ్లేడు కావాల్సి మా ఆయన మేకుల డబ్బా తెరిచాను. రెక్సిన్ కోసే బ్లేడు దొరికింది. దాని అంచున తెల్లటి పొడి. పక్కనే రెక్సిన్ ముక్కలో చుట్టిన చిన్న పొట్లం. విప్పితే సగం సగం కోసిన మాత్రలు. గుండెకి జీవితాంతం రోజూ ఒకటి వేసుకోమని డాక్టరు రాసిచ్చినవి.

"ఏంటండీ ఇది?"

ఆయన చెయ్యి మేకుల వైపు వెళ్ళింది. డబ్బా వెనక్కి లాగేశాను.

"నోరు తెరిచి చెప్పండి."

"సగం వేసుకున్నా బాగానే ఉంటోంది," అన్నాడు.

"డాక్టరు చెప్పాడా?"

"డాక్టరు ఎందుకు చెప్తాడు, డబ్బులు ఆయనవి కాదుగా." నవ్వబోయి, నా ముఖం చూసి మానేశాడు. "మాత్రల కోసమని నువ్వు వీధివాళ్ళ కర్టెన్లన్నీ ఒప్పుకుంటున్నావు. సూదిలో దారం ఎక్కించడానికి ఎన్నిసార్లు తడబడుతున్నావో నేను చూడట్లేదనుకున్నావా? సగం మిగిలితే సగం కర్టెన్లు తగ్గుతాయి కదా అని."

"మరి అక్క కార్డు సంగతి చెప్పడానికి వచ్చినప్పుడు మీరెందుకు మాట్లాడలేదు?"

"నువ్వు మాట్లాడేశావుగా."

ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది. నా మొగుడి పరువు నిలబెట్టాననుకుని, ఆయన నోట్లోంచి మందు లాగేశాను. సరే, తప్పు నాదే అని అప్పుడే అక్క దగ్గరికి పరిగెత్తి ఉంటే మంచిదాన్నయ్యేదాన్ని. నాకు అంత మంచితనం లేదు. తప్పు నాదని తెలిసేసరికి మంట ఇంకా పెరిగింది. బావగారికి పూర్తి మాత్ర, ఆయన తమ్ముడికి సగమా? ఒకే గుండెకి రెండు కొలతలా? పనివాడిగా చేరితేనే కార్డా? యజమానిగా చేరితే రాదా? బావగారు యజమానేగా, మా వాటా మాకొస్తే ఈయనా యజమానే.

కవర్లు అక్కడే పడేసి ముందు గదిలోకి వెళ్ళాను. బావగారు ఛాతీ మీద దిండు ఆన్చుకుని కూర్చుని ఉన్నారు. పక్కనే అక్క పళ్ళరసం వడగడుతోంది.

"మా వాటా మాకిచ్చెయ్యండి బావగారూ," అన్నాను. "మీరిచ్చిన డబ్బు నెలనెలా లాభంలో పట్టుకోండి. మీ ఆపరేషన్‌కి మీకు షాపు అమ్మాల్సిన పని పడలేదు. మాకు పడింది. అది మా తప్పు కాదు, క్యాలెండర్ తప్పు. దానికి మేం జీవితాంతం మీ పనివాళ్ళుగా ఉండాలా?"

ఇంకా చాలా సిద్ధం చేసుకుని వెళ్ళాను. గాజుల దగ్గర్నుంచి దిండు దాకా.

"నేనూ అదే అనుకుంటున్నానమ్మా," అన్నారు బావగారు. "ఆసుపత్రిలో బిల్లు చూసిన రోజునే అనుకున్నా. వాడితో చెప్తే మేకులు నోట్లో పెట్టుకున్నాడు."

పోట్లాటకని కొంగు బిగించుకుని వెళితే అవతలివాళ్ళు సరేననడమంత అవమానం ఇంకోటి ఉండదు. అక్క వైపు చూశాను, ఆవిడైనా కాదంటుందేమోనని. ఆవిడ పళ్ళరసం ఇంకో గ్లాసులో పోసి నా చేతికిచ్చింది.

మర్నాడు నలుగురం బీమా ఆఫీసుకి వెళ్ళాం. గాజు పలక వెనక కూర్చున్న గుమస్తా కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని మా మాటంతా విన్నాడు.

"చిన్న షాపు కింద ఒక్క యజమాని కుటుంబానికే ఉంటుందండీ. మిగతావాళ్ళు జీతగాళ్ళయి ఉండాలి. ఈయన్ని భాగస్వామిగా రాస్తే ఈయనకి రాదు."

"భాగస్వామిగా రాయకపోతే?"

"జీతగాడైతే వస్తుంది."

అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. సగం షాపు కావాలంటే సగం మాత్ర. పూర్తి మాత్ర కావాలంటే షాపు లేదు. బావగారు తమ్ముడి వైపు చూశారు. తమ్ముడు జేబులో తడుముకున్నాడు. మేకులు లేవు, ఆఫీసుకి వస్తున్నామని నేనే తీయించేశాను.

"పనివాడనే రాయండి," అన్నాడు మా ఆయన. గొంతు మామూలుగానే ఉంది. "పేరుదేముంది, చేసే పని అదేగా."

అన్నదమ్ముల్లో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. నేను గెలిచి తెచ్చుకున్న వాటా ఒక రోజు కూడా నా దగ్గర ఉండలేదు. ఎదురుగా అక్క, భుజం మీద సంచి, సంచిలో కార్డు. యజమాని భార్య. ఆ సంచి వైపు చూసిన చూపుకి సంచి కాలిపోవాల్సింది.

గుమస్తా పెన్ను తీసి ఊరికే అడిగినట్టు అడిగాడు. "ఇంట్లోవాళ్ళు ఇంకెవరైనా షాపులో పనిచేస్తారా? బంధువులైనా ఫర్వాలేదు. జీతం బ్యాంకులో పడితే చాలు. వాళ్ళ పేర కార్డు తీసుకుంటే భర్తకో భార్యకో అందులోనే వచ్చేస్తుంది."

"ఎవరూ లేరండీ," అన్నారు బావగారు.

"లేరు," అన్నాడు మా ఆయన.

"మేమిద్దరం ఇంటి దగ్గరే," అంది అక్క.

నేను కూడా తల ఊపాను. అబద్ధం కాదు, నిజంగానే ఊపాను. ఊపుతున్న తల మధ్యలో ఆగింది. నా చూపుడువేలి చివర సూది పొడిచి పొడిచి గట్టిపడిన చర్మం మీద బొటనవేలు రుద్దుకుంటున్నాను, ఎప్పటి అలవాటో అది. ఊళ్ళో మా షాపు సోఫా మీద ఎవరు కూర్చున్నా కూర్చునేది నా కుట్టు మీదే. అక్క కిటికీ చూసి ఏడ్చాను, దిండు చూసి ఏడ్చాను, ఆవిడ మొగుడి గుండె చూసి కూడా ఏడ్చాను. నాకు రావాల్సింది ఇంకోటి ఉందని ఏ రోజూ ఏడవలేదే!

"కవర్లు ఎవరు కుడుతున్నారు?" అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు.

"నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నేనే. వాటా అమ్మినా కుట్టాను, అమ్మకముందూ కుట్టాను. నాకెవరైనా జీతం ఇచ్చారా?"

"మన షాపే కదా అని..." అన్నారు బావగారు.

"రాయండి," అన్నాను గుమస్తాతో. "పని చేసేది నేను. మా ఆయనా యజమానే, నేను జీతగత్తెని."

నా మొగుణ్ణి పనివాడంటే ఇంటికొచ్చిన మనిషిని తరిమేసిన దాన్ని, నా నోటితో నేనే చెప్పాను. చెబుతుంటే సిగ్గేయలేదు.

కార్డు వచ్చిన రోజు మా ఆయనతో మందుల కొట్టుకి వెళ్ళాను. పైన పెద్దక్షరాల్లో నా పేరు, వృత్తి కుట్టుపని. కింద చిన్నక్షరాల్లో, ఆధారపడినవారు, భర్త. మందులాయన కార్డు అటూ ఇటూ తిప్పి, "ఎవరిదండీ ఇది?" అన్నాడు.

"మా ఆవిడది," అన్నాడు మా ఆయన. అక్కడే నీళ్ళడిగి, అట్టలోంచి మాత్ర ఒకటి తీసి, పూర్తిగా వేసుకున్నాడు. గుటక పడేదాకా ఆ కంఠాన్నే చూస్తూ నిలబడ్డాను.

మొదటి జీతం పడ్డాక అక్క మా ఇంటికి వచ్చింది. ఈసారి నీళ్ళు అడగలేదు. మెషిన్ పక్కన కూర్చుని, గుడ్డ అంచు వేళ్ళతో నలిపింది. తర్వాత సంచిలోంచి తన కార్డు తీసి చూపించింది.

"నీకేమే," అంది. "నీ కార్డు మీద నీ పని ఉంది. నా కార్డు చూడు. భార్య. అంతే. ఇన్నేళ్ళు చేసిందంతా ఏమైంది నాది?"

ఆ కళ్ళల్లో ఉన్నదేంటో నాకు బాగా తెలుసు. ఏడాదిగా మా ఇంటి అద్దంలో రోజూ చూసినదే. దాన్ని ఆవిడ ముఖంలో చూడగానే నా కడుపు చల్లబడింది. ఆసుపత్రి కిటికీ, బటన్ల మంచం, మెత్తటి దిండు, అన్నింటికీ ఒక్క దెబ్బకి చెల్లు. ఇంకాసేపు అలా చూస్తూ కూర్చోవాలనిపించింది. కాసేపు కూర్చున్నాను కూడా.

"కుట్టడం చాలా కష్టమా?" అంది అక్క నెమ్మదిగా.

గాజులు లేని చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఇంకా బ్యాంకులోంచి విడిపించలేదు వాటిని.

"రేపట్నుంచి మధ్యాహ్నాలు రా అక్కా," అన్నాను. "దారం ఎక్కించడం దగ్గర మొదలుపెడదాం. నాకు ఎలాగూ కళ్ళు ఆనట్లేదు."

ఆవిడ అక్కడే సూది అందుకుంది. దారం చివర నాలుకతో తడిపి, ఒక్కసారికే ఎక్కించేసి నా చేతికిచ్చింది. నాకు మళ్ళీ భగ్గుమంది.